గిబ్బన్ బొమ్మ: చైనా కుంచెదా, పారిస్ రాగిరేకుదా? ఏది మేలు?

ఆసియా కోతుల, వానరాల పాత బొమ్మలనగానే చాలామంది నేరుగా యూరప్ పుస్తకాల దగ్గరికే వెళ్తారు, శాస్త్రజ్ఞులు వేయించినవి కదా, అవే నమ్మదగ్గవని. గిబ్బన్ (పొడుగు చేతులతో చెట్ల మీద బతికే, తోకలేని ఆసియా వానరం) విషయంలో మాత్రం నేనా మాట ఒప్పుకోను.

ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు బ్యుఫాన్ సంపుటం తీసుకోండి, 1766లో పారిస్‌లో వచ్చింది, బొమ్మలు రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసినవి. తూర్పు దేశాల నుంచి డూప్లే (అవును, పుదుచ్చేరి డూప్లేనే) తీసుకెళ్ళిన గిబ్బన్‌ను బ్యుఫాన్ ప్రాణంతోనే చూశాడు. చేతులు అంత పొడుగు కాబట్టి నాలుగు కాళ్ళ మీద నడిచినా అది నిటారుగానే ఉంటుందని రాశాడు. అబద్ధమేం కాదు, కానీ గిబ్బన్ బతుకంతా కొమ్మల మీదే గడుస్తుంది, ఆ చేతులున్నది నేల మీద నడవడానికి కాదు, చెట్టు నుంచి చెట్టుకు ఊగుతూ పోవడానికి. చెట్టు లేని చోట చూస్తే అసలు సంగతే తెలియదు మరి.

అంతకు ఏడు వందల ఏళ్ళ ముందే, చైనాలో సోంగ్ వంశపు కాలంలో యీ యువాన్‌జీ అనే చిత్రకారుడు కొండల్లో తిరిగి గిబ్బన్లను గమనించాడని చెబుతారు. 1064లో చక్రవర్తి పిలిచి తెరల మీద బొమ్మలు వేయించుకున్నాడు, తర్వాత వంద గిబ్బన్లు గీయమంటే కొన్ని గీసేసరికే ఆయన పోయాడు. 1427లో మింగ్ వంశపు చక్రవర్తి షువాన్‌ద స్వయంగా వేసిన బొమ్మలో తల్లి దగ్గర పిల్ల ఉంటుంది, ఇంకో గిబ్బన్ చెట్టుకు వేలాడుతూ ఉంటుంది. ఆ వేలాడే చెయ్యి చూడండి, ఒంటి బరువంతా దాని మీదే ఉందని ఇట్టే తెలిసిపోతుంది. అంతఃపురంలో వేసిన బొమ్మ అయితేనేం, చూసి వేసింది.

డచ్ వైద్యుడు బొంటియస్ పుస్తకంలో 1658లో అచ్చయిన ఒరాంగుటాన్ బొమ్మ ఈ పోటీలోకే రాదు. ఒళ్ళంతా వెంట్రుకలున్న ఆడమనిషిలా ఉంటుంది, నవ్వుకోవడానికి బాగుంటుంది.

అలాగని పారిస్‌ను తీసిపారేయలేం. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వచ్చిన ఫ్రెంచి చిత్రకారుడు ఓడెబెర్ కోతుల పుస్తకంలో రంగులు అచ్చులోనే వచ్చాయి, ఏ జాతికి ఆ జాతి విడిగా, పేరుతో సహా ఉంటుంది. ఎక్కువ భాగం గడ్డి కూరిన తోళ్ళను చూసి వేసినవి కాబట్టి నిలబడే తీరు కొయ్యబారినట్టుంటుంది గానీ, ఏది ఏ జాతో తేల్చాలంటే నేనూ దాన్నే తెరుస్తాను.

చైనా బొమ్మలు తడబడేది సరిగ్గా అక్కడే. చైనాలోని షాన్‌షీ రాష్ట్రంలో సుమారు 2,200 ఏళ్ళ నాటి రాజవంశపు సమాధిలో ఒక గిబ్బన్ పుర్రె దొరికింది. అది అంతరించిన వేరే రకమని తేల్చి 2018లో జుంజీ ఇంపీరియాలిస్ అని పేరు పెట్టారు. పాత చిత్రాల్లో గిబ్బన్లకు కొదవ లేదు, కానీ వాటిలో అది ఏదో వేలు పెట్టి చూపించలేం. ఆ పని ఎముకే చేసింది.