స్టేషన్ వ్యాగన్ అని యాడ్ పెట్టి హ్యాచ్‌బ్యాక్ అంటగడుతున్నారు, టోకెన్ కట్టకండి

సెకండ్ హ్యాండ్‌లో ఎస్టేట్ కారు (స్టేషన్ వ్యాగన్ అన్నా ఇదే, వెనక పొడుగ్గా పెద్ద డిక్కీ ఉండే కారు) వెతుకుతున్నవాళ్లు, ముఖ్యంగా హైదరాబాద్‌లో యాడ్ చూసి ఫోన్‌లోనే టోకెన్ పంపేద్దాం అనుకుంటున్నవాళ్లు కాస్త ఆగండి. "2016 మోడల్, స్టేషన్ వ్యాగన్, సింగిల్ ఓనర్, డిక్కీ చాలా పెద్దది" అని పాత కార్లు అమ్మే ఒక యార్డు వాళ్లు యాడ్ పెట్టారు. టోకెన్ పడితేనే బండి ఆపుతాం అంటే పది వేలు పంపాను. తీరా వెళ్లి చూస్తే అక్కడున్నది మామూలు హ్యాచ్‌బ్యాక్. కింద చుట్టూ నల్ల ప్లాస్టిక్ క్లాడింగ్, పైన బయట షాపులో బిగించిన రూఫ్ రెయిల్స్, అంతే తేడా. ఇదేంటయ్యా అంటే "వ్యాగన్ ఆర్ కూడా వ్యాగనే కదా సార్, వెనక డోర్ పైకి లేస్తే వ్యాగనే" అని నాకే పాఠం చెప్పాడు. డబ్బులు వెనక్కి ఇమ్మంటే, వద్దన్నది మీరే కాబట్టి రిటర్న్ ఉండదంట.

నేను పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తాను. లైట్ స్టాండ్లు, ట్రైపాడ్లు, కెమెరా పెట్టెలు అన్నీ డిక్కీలో పట్టాలి, వెనక సీట్లో ఇద్దరు కుర్రాళ్లు కూర్చోవాలి. హ్యాచ్‌బ్యాక్‌లో ఆ సామాను పట్టాలంటే వెనక సీటు మడవాల్సిందే, మడిస్తే వాళ్లని ఎక్కడ కూర్చోబెట్టను? ఎస్టేట్ కావాలన్నది షోకు కోసం కాదు.

వాళ్ల ఫొటోలు మళ్లీ తెరిచి చూస్తే కిటుకు అర్థమైంది. ముందు నుంచి తీసినవి బోలెడు, లోపల స్టీరింగ్, మ్యూజిక్ సిస్టమ్ ఫొటోలు బోలెడు, పక్క నుంచి బండి మొత్తం కనిపించే ఫొటో ఒక్కటీ లేదు. వెనక ఫొటో ఉంది కానీ నేరుగా నంబర్ ప్లేటుకు ఎదురుగా తీసింది, అలా తీస్తే ఏ బండి పొడవూ తెలియదు. కాబట్టి ముందు పక్క ఫొటో అడగండి, ఇవ్వకపోతే అక్కడితో వదిలేయండి.

పక్క ఫొటోలో చూడాల్సింది వెనక చక్రం నుంచి బంపర్ దాకా ఉన్న భాగం. ఎస్టేట్‌లో పైకప్పు దాదాపు తిన్నగా డిక్కీ మీదుగా చివరి దాకా వెళ్తుంది, వెనక సీటు తలుపు అయిపోయాక ఇంకో పెద్ద అద్దం, దాని తర్వాత డి పిల్లర్ (పైకప్పును మోసే చిట్టచివరి స్తంభం) ఉంటాయి. హ్యాచ్‌బ్యాక్‌లో వెనక సీటు తలుపు దాటగానే సి పిల్లర్ (ఆ తలుపు వెనకుండే స్తంభం), వెంటనే టెయిల్‌గేట్ (డిక్కీ తలుపు), చక్రం బంపర్‌ను ఆనుకున్నట్టే ఉంటుంది. తలుపు చివర చిన్న త్రికోణం అద్దం చూసి మాత్రం ఎస్టేట్ అనుకోకండి, అది చాలా హ్యాచ్‌బ్యాక్‌లకు ఉంటుంది. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) అంకె చూసినా లాభం లేదు. ఒకే మోడల్ సెడాన్‌కీ ఎస్టేట్‌కీ వీల్‌బేస్ ఒకటే ఉండొచ్చు, మారేది వెనక వేలాడే భాగం. సెడాన్‌లా కనిపించే స్కోడా ఆక్టావియా డిక్కీ ఎత్తితే వెనక అద్దం కూడా దానితో పాటే లేస్తుంది, అది లిఫ్ట్‌బ్యాక్. అందుకే డిక్కీ తలుపు తెరిచి చూపించే వీడియో కూడా అడగండి.

ఇంకో సంగతి, మన దగ్గర అసలు ఎస్టేట్లు వచ్చిందే తక్కువ. 1992లో టాటా ఎస్టేట్, తర్వాత మారుతి బలెనో ఆల్టురా, ఓపెల్ కోర్సా స్వింగ్, టాటా ఇండిగో మెరీనా, ఆక్టావియా కాంబి. ఏదీ పెద్దగా నడవలేదు, అన్నీ ఎప్పుడో ఆగిపోయాయి. కాబట్టి 2016 మోడల్ ఎస్టేట్ నాలుగైదు లక్షలకే అని ఎవరైనా అంటే అక్కడే అనుమానించాలి. నిజమైన మెరీనా దొరికినా దాని రిజిస్ట్రేషన్‌కు 15 ఏళ్లు దాటిపోయి ఉంటాయి, రెన్యువల్ చేయించారా లేదా చూసుకోండి.

డిక్కీ లీటర్ల లెక్కలో కూడా మాయ ఉంది. రెనో ట్రైబర్‌కు 625 లీటర్లు అంటారు, నిజమే, కానీ అది మూడో వరుస సీట్లు తీసేసినప్పుడు. ఏడుగురు కూర్చుంటే మిగిలేది 84 లీటర్లే. యాడ్‌లో మాత్రం "7 సీటర్, 625 లీటర్స్" అని పక్కపక్కన రాస్తారు. డిజైర్ కూడా అంతే. 2008లో వచ్చిన మొదటి స్విఫ్ట్ డిజైర్ 4 మీటర్లు దాటి ఉండేది, డిక్కీ 440 లీటర్లు. 4 మీటర్ల లోపు కార్లకు పన్ను తక్కువ కాబట్టి 2012లో వెనక కోసేశారు, డిక్కీ 316కి పడిపోయింది. పేరు అదే, బండి వేరు. సీఎన్‌జీ సిలిండర్ ఉంటే ఆ మిగిలింది కూడా ఉండదు.

ఆ యార్డులోనే ఇంకో బండి చూపించారు, ఐదు సీట్ల కారు డిక్కీలో ఎదురెదురుగా రెండు చిన్న సీట్లు బిగించి "సెవెన్ సీటర్ వ్యాగన్" అంట! ఆర్సీలో సీటింగ్ కెపాసిటీ 5 అనే ఉంది. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇలా మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా తలనొప్పే. వెనక నుంచి ఎవడైనా గుద్దితే ఆ సీట్లలో పిల్లల సంగతి ఆలోచించండి, నాకైతే చూస్తేనే ఒళ్లు మండింది.

ఆర్సీలో బాడీ టైప్ గడి ఒక్కటే చూసి ధీమా పడకండి, హ్యాచ్‌బ్యాక్‌లకు కూడా సెలూన్ (అంటే సెడాన్) అని పడిన ఆర్సీలు ఉన్నాయి. మోడల్, వేరియంట్ పూర్తి పేరు, సీట్ల సంఖ్య, తయారైన నెల, సంవత్సరం చూసి, కంపెనీ పాత బ్రోషర్‌తో పొడవు పోల్చుకోండి. యార్డుకు వెళ్లినప్పుడు టేపు పట్టుకెళ్లి వెనక సీటు నిలబెట్టే డిక్కీ కొలవండి. అమ్మేవాడు ముఖం చిట్లిస్తే చిట్లించనీయండి.

నా టోకెన్ ఇంకా రాలేదు. వాట్సాప్‌లో వాళ్లు "స్టేషన్ వ్యాగన్" అని రాసిన మెసేజ్, యాడ్ స్క్రీన్‌షాట్, పేమెంట్ రసీదు పెట్టి కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను. మీరు కూడా బాడీ ఏదో ఫోన్‌లో మాటగా కాకుండా రాతలోనే తీసుకోండి. ఇక్కడ ఎవరి దగ్గరైనా నడుస్తున్న మెరీనా అమ్మకానికి ఉంటే చెప్పండి, పక్క నుంచి తీసిన ఫొటోతో సహా.