ఆకు రాల్చని ఆపిల్ మొక్క: మా మేడ మీద రెండేళ్ల అనుభవం

2023 జులైలో రెండు ఆపిల్ మొక్కలు కొన్నాను. ఒక్కోటి 450 రూపాయలు. హైవే పక్కన వరసగా ఉంటాయి చూడండి, ఆ నర్సరీల్లో ఒకటి. పేరెందుకులెండి. హెచ్‌ఆర్‌ఎంఎన్-99 అని రాసిన అట్టముక్క కట్టి ఉంది. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ రూపొందించిన రకం ఇది. ఆయనకు 2025లో పద్మశ్రీ కూడా వచ్చింది.

"45 డిగ్రీలైనా తట్టుకుంటది మేడం" అన్నాడు అమ్మినతను. మిగతా నర్సరీల్లోనూ ఇదే మాట చెప్పారు. అందులో అబద్ధం లేదు. నాగోలులో మా మేడ మీద మే నెల ఎండంటే మాటలు కాదు. గ్రీన్ నెట్ కింద రెండు మొక్కలూ బతికాయి, ఆకుల అంచులు మాడాయంతే. అతను చెప్పనిది చలికాలం సంగతి. నేనూ అడగలేదు. హైదరాబాద్‌లో మొక్క కొంటూ చలి గురించి ఎవరడుగుతారు?

మొదటి డిసెంబరు గడిచింది, సంక్రాంతీ వెళ్లింది, ఒక్క ఆకు రాలలేదు. మొక్క బలంగా ఉందని మురిసిపోయాను. ఫిబ్రవరిలో ఎదురింటి వేప ఆకంతా దులిపేసుకుంది, ఉగాదికల్లా లేత రాగిరంగు చిగురు వేసి పూతకొచ్చింది. మా ఆపిళ్లు మాత్రం తోలులా గట్టిపడ్డ పాత ఆకులతోనే నిలబడ్డాయి. కొమ్మ చివర మాత్రం ఓ చిన్న చిగురు, కిందెక్కడా కొత్త మొగ్గ పగల్లేదు. చీపురుపుల్ల కొసకి కుచ్చు కట్టినట్టు! పూత ఊసే లేదు. ఎరువు తక్కువైందేమోనని వర్మికంపోస్టు వేశాను, డబ్బు దండగ.

నల్గొండ దగ్గర మా మామయ్యకు బత్తాయి తోట ఉంది. 2024 డిసెంబరులో ఇంటికొచ్చినప్పుడు మేడెక్కి చూసి, "దీనికి నిద్ర లేదు బిడ్డా, గందుకే గిట్లున్నది" అన్నారు. నిద్రంటే చెట్టు ఎదుగుదల ఆపి విశ్రాంతి తీసుకోవడం. బత్తాయిలో పూత కావాలంటే ముందు నీళ్లు ఆపి తోటను వాడబెడతారు. దానిమ్మ రైతులైతే ఆకంతా రాలేదాకా ఊరుకోరు.

తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ అదే. కాకపోతే ఆపిల్‌ని నిద్రపుచ్చేది దాహం కాదు, చలి. చాలా చెట్లు పగటి పొద్దు తగ్గడాన్ని బట్టి శీతాకాలాన్ని పసిగడతాయి కానీ, ఆపిల్‌కి చల్లదనమే అసలు గుర్తు. నిద్రలోకి వెళ్లిన మొగ్గ మళ్లీ సరిగ్గా లేవాలన్నా చలి కావాలి. మామూలు కొండ రకాలకు ఏడు డిగ్రీల లోపు చలి 800 నుంచి 1200 గంటలు పడాలంటారు. అంత చలి పడ్డాకే మొగ్గలన్నీ ఒక్కసారి విచ్చుకుంటాయి. మన దగ్గర జనవరి రాత్రులు 15 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. ఈ రకానికి అంత చలి అక్కర్లేదు, నిజమే. కానీ ఆకు దానంతటది రాలదు, మనం రాల్చాలి. హిమాచల్‌లోనే చలి తగ్గి కింది ఊళ్ల తోటలు పైకి జరుగుతున్నాయి, మన మేడ ఏపాటి!

మామయ్య నా కుట్టుకత్తెర తీసుకుని ఒక మొక్కకి ఒక్కో ఆకూ కత్తిరించారు. కాడ మాత్రం ఉంచారు. "ఆకు గుంజితే ఎనకున్న మొగ్గ సుత పోతది" అంటూ కాడ మొదట్లో గోధుమగింజంత ఉబ్బు చూపించారు. నాకు ప్రాణం ఉసూరుమంది. రెండోదాన్ని ముట్టుకోనివ్వలేదు. కత్తిరించిన మొక్కకి రెండు వారాలు నీళ్లు బాగా తగ్గించాం. పదిరోజులకు కాడలు పసుపుపచ్చగా మారి, వేలు తగిలితే రాలిపోయాయి.

జనవరి చివర్లో కొమ్మ పొడవునా మొగ్గలు పగిలాయి. లేత ఆకు వెనకంతా తెల్లటి నూగు. ఫిబ్రవరిలో గులాబీ అంచున్న తెల్లపూలు, ఏడు గుత్తులు. పిందెలు నాలుగు నిలిచాయి, రెండు రాలాయి, ఒకటి ఉడత కొట్టేసింది. జూన్‌లో మిగిలిన ఒక్కటి కోశాం. పసుపు మీద ఎర్రటి చార, మెత్తటి గుజ్జు, పులుపు తగిలే తీపి. నలుగురం నాలుగు ముక్కలు తిన్నాం. కత్తెర పడని రెండోది ఆ ఏడాదీ కుచ్చు చీపురే.

మొక్కకి ఐదుకి నాలుగు ఇస్తాను. నర్సరీకి రెండే. అట్ట మీద "డిసెంబరులో ఆకు తీసేయండి" అని ఒక్క ముక్క రాసుంటే నాకో ఏడాది కలిసొచ్చేది. రెండో మొక్కకి అంటు కింద నుంచి వేరే కొమ్మ లేచింది, ఫోన్ చేస్తే "ఉండనీండి మేడం, అదీ కాస్తది" అన్నారు. అది అంటు కట్టడానికి కింద వాడిన వేరుమొక్క కొమ్మ, మనం కొన్న రకం కాదు. నేనే కోసేశాను. కొనేటప్పుడు అంటు ముడి మట్టికి జానెడు పైన ఉందో లేదో చూసుకోండి. పండు కోసమే అయితే కొనకండి, బజార్లో కిలో కొనుక్కోవడం నయం.

ఈ డిసెంబరుకి రెండో మొక్క వంతు. మామయ్య తన కత్తెర తనే తెస్తానన్నారు, నా దానికి పదును లేదట.