గ్రానీ వెతికిన వంటిల్లు

"ఇంతకీ వంటిల్లెక్కడ?"

హైక్లియర్ కాజిల్‌లో, ఆ పెద్ద మెట్ల దగ్గర నిలబడ్డ గైడుని మా గ్రానీ అడిగిన మొదటి ప్రశ్న ఇది. 'డౌన్టన్ ఆబీ' అనే బ్రిటిష్ సీరియల్ తీసిన భవంతి అది. గైడు పాపం మర్యాదగానే చెప్పింది. వంటిల్లూ, పనివాళ్ళ గదులూ ఇక్కడివి కావట, లండన్‌లో ఈలింగ్ స్టూడియోలో వేసిన సెట్టట. ఇక్కడి కింది గదుల్లో ఈజిప్టు ప్రదర్శన ఉంది, చూడండి అంది. పెళ్ళికి వెళ్తే భోజనాలు అయిపోయాయన్నట్టు అయింది గ్రానీ మొహం.

గ్రానీ అంటే మా అమ్మమ్మ కాదు. న్యూజెర్సీలో మా పక్కింటి అమెరికన్ పెద్దావిడ. స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది, వయసు డెబ్బై ఐదు దాటింది. మా పిల్లలు గ్రానీ అంటే నాకూ అదే అలవాటైంది. 1971లో అమెరికా ప్రజా ప్రసార ఛానెల్ పీబీఎస్‌లో, బ్రిటిష్ సీరియళ్ళు చూపించే 'మాస్టర్‌పీస్ థియేటర్' మొదలైనప్పుడు ఆవిడకి 22 ఏళ్ళు. కుర్చీలో కూర్చుని వ్యాఖ్యాత ఆలిస్టెర్ కుక్ కథకి ముందుమాట చెబుతుంటే, మాష్టారి పాఠం విన్నట్టు వినేవాళ్ళమంటుంది. 1974లో 'అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్' వచ్చింది, పైన దొరలు, కింద పనివాళ్ళు ఉండే ఇంటి కథ. అప్పట్నుంచీ ఆవిడ మనసంతా కింది అంతస్తులోనే. పైనున్న దొరల సంగతి ఆవిడకి అక్కర్లేదు. రొట్టె పిండి ఎవరు కలిపారు, వంటావిడ ఎవర్ని కసిరింది, అదీ కావాలి. మా చిన్నాడు పుట్టినప్పుడు నిద్రలేని రాత్రుళ్ళలో నాకు తోడు కూర్చుని ఈ పిచ్చి నాకూ అంటించింది. అలా ఇద్దరం కిందటేడు, 2025 జూలైలో తొమ్మిది రోజులు ఇంగ్లండ్ వెళ్ళొచ్చాం.

ఆవిడది అమెరికన్ పాస్‌పోర్టు. ఫోన్‌లో ఈటీఏ (వీసా బదులు ఇచ్చే ప్రయాణ అనుమతి) నింపి, అప్పట్లో 16 పౌండ్లు కడితే పనైపోయింది. నాది ఇంకా మన పాస్‌పోర్టే, గ్రీన్‌కార్డు ఉన్నా వీసా తప్పదు. వేలిముద్రలు, బ్యాంకు కాగితాలు, ఎదురుచూపులు. నాలాంటివాళ్ళు టిక్కెట్లకంటే ముందు ఆ పని చూసుకోండి.

హైక్లియర్ ఏడాదంతా తెరిచి ఉండదు. వేసవిలో కొన్ని వారాలు, మధ్యలో అప్పుడప్పుడూ కొన్ని రోజులు, అంతే. కాబట్టి అక్కడ టిక్కెట్టు దొరికాకే మిగతా రోజులు సర్దుకోవాలి. లండన్ పాడింగ్టన్ స్టేషన్లో రైలెక్కితే గంటలో న్యూబరీ, అక్కణ్ణుంచి టాక్సీ. తిరుగు టాక్సీ కూడా ముందే మాట్లాడుకోండి, గేటు దగ్గర ఏదీ దొరకదు. లోపల ఫోటోలు తీయనివ్వరు. పార్లమెంటు భవనం కట్టిన చార్లెస్ బారీయే దీన్నీ ఇప్పటి రూపానికి తెచ్చాడు కాబట్టి బయటినుంచి చూస్తే దర్జా అంటే దర్జానే. యజమానులు ఇప్పటికీ ఉండే ఇల్లే. బల్లల మీద వాళ్ళ ఇంటి ఫోటోలు చూస్తుంటే, పిలవని పేరంటానికి వెళ్ళినట్టు కాస్త ఇబ్బందిగా అనిపించింది నాకు. 1922లో ఈజిప్టు రాజు టుటంఖమున్ సమాధి బయటపడ్డ తవ్వకాలకి డబ్బు పెట్టింది ఈ ఇంటి అప్పటి యజమాని, ఐదో ఎర్ల్. ఆ కథ కింద బాగా చూపించారు. గ్రానీ మాత్రం మమ్మీల మధ్య నిలబడి "ఇక్కడే కదా పొయ్యి ఉండాల్సింది" అని సణుగుతూనే ఉంది. ఒక్కసారికి బాగుంది. రెండోసారి డబ్బు పెట్టను.

బాంప్టన్ అలా కాదు. సీరియల్లో ఊరి దృశ్యాలు చాలావరకు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ఈ చిన్న ఊళ్ళోవే. చర్చి అదే, ఆసుపత్రి గుమ్మంగా చూపించిన పాత బడి భవనం అదే. టిక్కెట్టు లేదు, క్యూ లేదు. చర్చిలో ఒకావిడ పూలు సర్దుకుంటూ మమ్మల్ని చూసి నవ్వి తన పని తను చేసుకుంది. గంటన్నరలో చూసేయొచ్చు. బస్సు టైములు మాత్రం సరిచూసుకోండి, ఒకటి తప్పితే చాలాసేపు కూర్చోవాలి.

ఆక్స్‌ఫర్డ్‌లో బస చేసిన గెస్ట్‌హౌస్ పేరు చెప్పను. రాత్రికి 140 పౌండ్లు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. బుకింగ్‌లో ఆ ముక్క ఎక్కడో అడుగున రాశారట. గ్రానీ మోకాళ్ళ సంగతి చెబితే కింది గదులు ఖాళీ లేవన్నారు. రెండు పెట్టెలూ నేనే మోశాను. ఊరు కూడా కిటకిటలాడుతోంది. 'ఇన్‌స్పెక్టర్ మోర్స్' డిటెక్టివ్ సీరియల్ అభిమానులైతే ఎక్సెటర్ కాలేజీ లోపలి పచ్చిక దగ్గర కాసేపు ఆగుతారు, ఆఖరి భాగంలో మోర్స్ కుప్పకూలేది అక్కడే. గ్రానీ చేతిసంచిలోంచి రుమాలు తీసింది. ఇరవై ఐదేళ్ళ కిందట పోయిన పాత్రకి ఇప్పుడు కన్నీళ్ళేమిటి అనుకుంటారా? అనుకోండి. నేనూ తుడుచుకున్నాను.

'డాక్ మార్టిన్' సీరియల్ తీసిన ఊరు పోర్ట్ ఐజాక్ మానేశాం. దగ్గర్లో రైలు లేదు, దిగితే అన్నీ ఏటవాలు సందులే.

రైళ్ళ గురించి ఒక్కమాట. ఇద్దరు కలిసి తిరిగేటట్టయితే 'టూ టుగెదర్' రైల్‌కార్డు తీసుకోండి. మేం వెళ్ళినప్పుడు 35 పౌండ్లు, దాదాపు ప్రతి టిక్కెట్టు మీదా మూడోవంతు తగ్గుతుంది. మామూలు రోజుల్లో పొద్దున్న తొమ్మిదిన్నర దాటాకే చెల్లుతుంది. ఉత్తరానికి వెళ్ళే మా రైలు గంట పైన ఆలస్యమైంది. ఆలస్యానికి డబ్బు వాపసు అడగొచ్చని పక్క సీటాయన చెబితే ఫోన్‌లోనే అర్జీ పెట్టాను.

ఇక ఉత్తరాన ఉన్న థర్స్క్ ఊరు. 'ఆల్ క్రీచర్స్ గ్రేట్ అండ్ స్మాల్' కథల వెనకున్న అసలు పశువైద్యుడు ఆల్ఫ్ వైట్. జేమ్స్ హెరియట్ అన్నది ఆయన కలంపేరు. ఆయన పనిచేసిన ఇల్లే, 23 కర్క్‌గేట్, ఇప్పుడు మ్యూజియం. స్టేషను ఊరికి మైలున్నర దూరం, టాక్సీలో వెళ్ళాం. నడవా దాటగానే వంటిల్లు. సెట్టు కాదు, నిజంగా ఒకప్పుడు వండుకు తిన్న వంటిల్లు. నల్లటి ఇనుప పొయ్యి, మధ్యలో చెక్కబల్ల. గ్రానీ మాట్లాడలేదు. చేతికర్ర గోడకానించి, పొయ్యి వంకే చూస్తూ నిలబడింది. రెండు కుటుంబాలు వచ్చి వెళ్ళాయి. నేను పైనున్నవన్నీ చూసి, ఆ కథలతో తీసిన 1978 నాటి సీరియల్ సెట్టు కూడా తిరిగొచ్చేసరికి ఆవిడ అక్కడే ఉంది. "మా అమ్మ పొయ్యికి కూడా తలుపు ఇలాగే ఎడమపక్కకి తెరుచుకునేది" అంది. ఇన్నేళ్ళ స్నేహంలో వాళ్ళమ్మ గురించి నాకు చెప్పిన మొదటి మాట అది.

అవే కథలతో ఇప్పుడొస్తున్న కొత్త సీరియల్లో ఊరి దృశ్యాలు తీసేది గ్రాసింగ్టన్‌లో. స్కిప్టన్ దాకా రైలు, అక్కణ్ణుంచి 72 నంబరు బస్సు, 3 పౌండ్లు. రాళ్ళు పరిచిన చిన్న కూడలి. సీరియల్లో డ్రోవర్స్ ఆర్మ్స్‌గా కనిపించే పబ్బు అసలు పేరు డెవన్‌షైర్. మేం దిగిన బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ రాత్రికి 105 పౌండ్లు, కింది గదే, అడక్కుండానే ఇచ్చారు. శాకాహారమంటే పుట్టగొడుగులు, బీన్స్, టమాటా, గుడ్డు. రెండోరోజుకి మొహం మొత్తింది. ఈ దేశంలో ప్రతి గదిలోనూ కెటిల్ పెడతారు, వాళ్ళకి పుణ్యముంటుంది. దాంట్లో నీళ్ళు కాచి, తెచ్చుకున్న ఉప్మా పొట్లం, చారుపొడి కానిచ్చేశాను. గ్రానీకి చారు జలుబు మందు కింద లెక్క, రెండు కప్పులు తాగింది.

మేం అక్కడుండగానే అమెరికాలో పీబీఎస్ లాంటి ప్రజా ప్రసారాలకి రెండేళ్ళకని కేటాయించిన 110 కోట్ల డాలర్లు తీసేశారన్న వార్త వచ్చింది. ఫలహారం దగ్గర గ్రానీ కోపంగా అది చదివి వినిపిస్తే, బస ఇచ్చిన ఇంటాయన తమకి టీవీ చూడాలంటే ఏడాదికి 174.50 పౌండ్ల లైసెన్సు కట్టాలని వాపోయాడు. "నేను మా పీబీఎస్‌కి యాభై ఏళ్ళుగా ఎవరూ అడక్కపోయినా చందా కడుతున్నాను, వాళ్ళు నాకో గుడ్డసంచి పంపుతారు" అంది గ్రానీ.

ఆఖరి రాత్రి ముందుగదిలోకి వెళ్తే ఆయన టీవీ ముందు ఒళ్ళు మరిచి కూర్చున్నాడు. చూస్తున్నది 'కొలంబో', అమెరికన్ డిటెక్టివ్ సీరియల్. అన్నీ ఎన్నోసార్లు చూశాడట. సౌండు తగ్గించి, "ఆ ఎండ, ఆ పెద్ద పెద్ద ఇళ్ళు, లాస్ ఏంజెలెస్ నిజంగా అలాగే ఉంటుందా అండీ? ఒక్కసారైనా చూడాలని నా కోరిక" అని గ్రానీని అడిగాడు.

"ఏమోనయ్యా, నేనెప్పుడూ వెళ్ళలేదు" అంటూ గ్రానీ పక్క కుర్చీ లాక్కుంది.