పారిస్ నుంచి న్యూవార్క్‌కి లా కంపాన్యీలో: హైదరాబాద్ వాళ్లకి గిట్టుబాటేనా?

పారిస్ చూడాలన్న కోరిక మీకు లేకపోతే చదవడం ఇక్కడే ఆపేసి, శంషాబాద్ నుంచి దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో ఒకే టికెట్ కొనుక్కుని హాయిగా వెళ్లిపోండి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తూ దారిలో నాలుగు రోజులు యూరప్‌లో ఎలాగూ ఆగుదాం అనుకునేవాళ్ల కోసమే ఇది రాస్తున్నా. లా కంపాన్యీ అని ఒక ఫ్రెంచి విమాన సంస్థ ఉందని మా వాకింగ్ బ్యాచ్‌లో చెబితే ఒక్కరూ పేరు వినలేదు, ధర చెప్పాక "అంత తక్కువకి బిజినెస్ క్లాసా, ఏదో మోసం అయ్యుంటుందిలెండి" అని నవ్వేశారు.

మోసం కాదు. 2014 నుంచి నడుస్తోంది. విమానం మొత్తం బిజినెస్ క్లాసే, ఎకానమీ అనేదే లేదు. మామూలుగా రెండొందల మందిని కుక్కే ఎయిర్‌బస్ ఎ321 నియోలో వీళ్లు 76 సీట్లే పెట్టారు, అటు రెండు, ఇటు రెండు. పారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయం నుంచి న్యూవార్క్‌కి, మిలాన్ నుంచి న్యూవార్క్‌కి, సీజన్‌లో నీస్ నుంచి కూడా తిరుగుతుంది. న్యూవార్క్ అంటే న్యూజెర్సీలో, న్యూయార్క్ పక్కనే ఉన్న విమానాశ్రయం, మనవాళ్లకి చెప్పక్కర్లేదు. ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో కూతురో కొడుకో ఉంటే, న్యూయార్క్‌లోని జేఎఫ్‌కే విమానాశ్రయానికి వచ్చి వంతెనలూ టోల్‌గేట్లూ దాటించి తీసుకెళ్లడానికి అల్లుడు సెలవు పెట్టాల్సిన పని ఉండదు.

సీటు గురించి ముందు చెప్తా, ఎందుకంటే డబ్బు పెట్టేది దానికే. బటన్ నొక్కితే పూర్తిగా మంచంలా చదునుగా పడుకుంటుంది, ఏటవాలుగా జారిపోయే రకం కాదు. మా ఆవిడకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, ఎకానమీలో రెండు గంటలు కూర్చుంటే లేచి నిలబడటానికి నా భుజం కావాలి. ఇందులో కాళ్లు చాపుకుని, దుప్పటి కప్పుకుని, దిగాక ఎవరి సాయం లేకుండా తనే నడిచింది. నా వరకు రివ్యూ అంటే అదే. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి: కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు బాత్రూమ్‌కి వెళ్లాలంటే పక్కవాళ్ల కాళ్ల మీద నుంచి దాటాల్సిందే, అవతలివాళ్లు సీటు పరుచుకుని పడుకుని ఉంటే అది చిన్న సర్కస్. భార్యాభర్తలకైతే పర్వాలేదు, "లేవండి" అంటే సరిపోతుంది. ఒంటరిగా వెళ్లే పెద్దవాళ్లు మాత్రం నడవా వైపు సీటే తీసుకోండి. తలుపులూ గదులూ లాంటివి ఉండవు, ఖతార్ వాళ్ల క్యూసూట్ ఊహించుకుని ఎక్కితే నిరాశే.

ఇంకో సంగతి, మంచం విలువ తెలిసేది తిరుగు ప్రయాణంలో. వెళ్లేటప్పుడు ఎనిమిదిన్నర గంటల దాకా పడుతుంది, సూర్యుడి వెంట పరిగెత్తే ప్రయాణం కాబట్టి నిద్ర పెద్దగా రాదు, సినిమాలు చూసుకోవడమే. వచ్చేటప్పుడు రాత్రి విమానం, గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి ఏడు గంటల చిల్లరలో అయిపోతుంది, అందులో భోజనాలకి పోను మిగిలిందంతా పడకే. అందుకే భోజనం త్వరగా ముగించేయండి.

భోజనం అంటే గుర్తొచ్చింది. ఫ్రెంచి వంట, ప్లేట్లు పింగాణీవి, చీజ్ విడిగా వస్తుంది, వైన్ కావాల్సినంత. శాకాహారులు ముందే చెప్పుకోవాలి, ఎక్కాక అడిగితే బ్రెడ్డూ పళ్లూ సలాడ్‌తో సర్దుకోవడమే. శాకాహారం దొరికినా అందులో ఉప్పూకారం వెతకొద్దు. మేము పులిహోర డబ్బా పెట్టుకున్నాం, దిగేముందు ఖాళీ చేశాం. అమెరికా కస్టమ్స్ దగ్గర తినే వస్తువులు ఏమున్నాయని అడుగుతారు, దాచకుండా చెప్పేయాలి, అందుకే మిగల్చకపోవడమే మేలు. వైఫై ఉచితం, మా అమ్మాయికి సముద్రం మధ్య నుంచి ఫోటోలు పంపితే తను నమ్మలేదు.

ఇప్పుడు డబ్బు. సీజన్ కాని రోజుల్లో ముందుగా చూసుకుంటే పారిస్-న్యూవార్క్ రానుపోను రెండు వేల డాలర్ల పైచిలుకు నుంచి మొదలవుతుంది, ఎండాకాలం సెలవుల్లో బాగా పెరుగుతుంది. రెండు లక్షల చుట్టూ అనుకోండి. హైదరాబాద్ నుంచి పారిస్‌కి ఎకానమీలో ఇంకో అరవై డెబ్భై వేలు, యూరప్‌లో దిగడానికి కావాల్సిన షెంజెన్ వీసాకి మనిషికి 90 యూరోలు, దాని మీద సర్వీస్ ఛార్జీలు, పైన హోటల్. ఇవన్నీ కలిపాక, హైదరాబాద్ నుంచి నేరుగా ఒకే టికెట్ మీద బిజినెస్ క్లాస్ కొన్నదానికీ దీనికీ తేడా మొదట అనుకున్నంత ఉండదు. పైగా సగం ప్రయాణం, అంటే ఇక్కడి నుంచి గల్ఫ్‌కి, అక్కడి నుంచి పారిస్‌కి, మోకాళ్లు ముడుచుకునే వెళ్లాలి. అమీర్‌పేటలో ఒక ట్రావెల్ ఏజెంట్ ఈ లెక్కలేవీ చెప్పకుండా "సగం ధరకే బిజినెస్ క్లాస్ సార్" అన్నాడు. ఆ సగం ఎక్కడి నుంచి ఎక్కడికో అడగాలి.

లగేజీ దగ్గర మనవాళ్లు కచ్చితంగా దెబ్బతింటారు. లా కంపాన్యీలో ఒక్కొక్కరికి 32 కిలోల పెట్టెలు రెండు ఉచితం. వినగానే మా ఆవిడ ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు అని లిస్టు మొదలుపెట్టింది. కానీ ఆ 64 కిలోలు పారిస్‌లో ఎక్కేటప్పుడు మాత్రమే. హైదరాబాద్‌లో ఎక్కే ఎకానమీ టికెట్ యూరప్ దాకానే కాబట్టి చాలావాటిలో పాతిక, ముప్ఫై కిలోలే. నేరుగా అమెరికాకి ఒకే టికెట్ అయితే ఎకానమీలోనే 23 కిలోల పెట్టెలు రెండు వస్తాయి. అంటే ఖరీదైన టికెట్ కొని తక్కువ సామాను మోసుకెళ్లాలి. లిస్టులోంచి ఏం తీసేయాలన్న దాని మీద మా ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ రాయను.

విమానాశ్రయాలు కూడా రెండు. గల్ఫ్ నుంచి వచ్చే విమానాలు దిగేది ఊరికి ఉత్తరాన చార్లెస్ డిగాల్‌లో, ఇది ఎక్కేది దక్షిణాన ఓర్లీలో. మధ్యలో పారిస్ మొత్తం ఉంది. రైల్లో ఊళ్లోకి వచ్చి, 2024లో ఓర్లీ దాకా పొడిగించిన 14వ నంబర్ మెట్రో పట్టుకుంటే చౌకే గానీ, పెట్టెలతో, మోకాళ్ల నొప్పులతో ఆ మెట్లూ ఎస్కలేటర్లూ వద్దు, టాక్సీ మాట్లాడుకోండి. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లని వీల్‌చైర్ బుక్ చేసి ఒంటరిగా పంపడం మనకి అలవాటు, విమానం దిగిన దగ్గర నుంచి పిల్లల చేతికి అప్పగించేదాకా ఎవరో ఒకరు తోస్తారు కదా అని. ఇక్కడ ఆ వీల్‌చైర్ చార్లెస్ డిగాల్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అమ్మనో అత్తగారినో ఒంటరిగా ఈ దారిలో మాత్రం పంపకండి.

రిస్కు సంగతి కూడా తెలిసి ఉండాలి. ఇలా మొత్తం బిజినెస్ క్లాసే నడిపినవాళ్లు ఇంతకు ముందూ ఉన్నారు. ఇయోస్, మాక్స్‌జెట్, సిల్వర్‌జెట్, మూడూ లండన్ నుంచి న్యూయార్క్ వైపు ఎగిరినవే, ఆయిల్ ధర మండిపోయిన కాలంలో 2007 డిసెంబర్ నుంచి 2008 మే లోపల ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ అంతటిది లండన్ సిటీ అనే విమానాశ్రయం నుంచి 32 సీట్లతో నడిపిన విమానాన్ని 2020లో ఆపేసింది. లా కంపాన్యీ కూడా లండన్ నుంచి ఒక ఏడాది పైన నడిపి 2016లో వదిలేసింది. ఇప్పటికి నిలదొక్కుకుంది, పాత బోయింగ్ 757లు వదిలి 2019లో తక్కువ ఆయిల్ తాగే నియోలకి మారడం కూడా కలిసొచ్చింది. అయినా చేతిలో ఉన్న విమానాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, ఒకటి మొరాయిస్తే ఇంకోటి తెచ్చి పెట్టడానికి పెద్ద సంస్థలకి ఉన్న వెసులుబాటు వీళ్లకి ఉండదు. యూరప్ సంస్థ కాబట్టి రెండు వైపులా అక్కడి చట్టం వర్తిస్తుంది, వాళ్ల తప్పు వల్ల బాగా ఆలస్యమైనా, చివరి నిమిషంలో రద్దయినా మనిషికి 600 యూరోల వరకు అడగొచ్చు. ఈ రిస్కు ఉంది కాబట్టి టికెట్ క్రెడిట్ కార్డుతోనే కొనండి.

మేము వెళ్లేటప్పుడు హైదరాబాద్‌లో ఎక్కిన విమానం (పేరెందుకు) ఆలస్యమై గల్ఫ్‌లో కనెక్షన్ తప్పిపోయి మర్నాటి దానిలో పారిస్ చేరాం. ఓర్లీ విమానానికి ఇంకా టైం ఉంది కాబట్టి ఈఫిల్ టవర్ ఎక్కే టికెట్లు మాత్రమే పోయాయి. అదే రోజు పట్టుకునేలా పెట్టుకుని ఉంటే రెండు లక్షల టికెట్ గాలికి పోయేది, విడివిడిగా కొన్న టికెట్లకి ఎవరూ పూచీ ఉండరు.

విమానాశ్రయం మారే గోల వద్దంటే రెండు దారులున్నాయి. ఒకటి అమెరికా సంస్థ జెట్‌బ్లూ వాళ్ల బిజినెస్ క్లాస్, పేరు మింట్, చార్లెస్ డిగాల్ నుంచే జేఎఫ్‌కేకి, అటొకటి ఇటొకటి 24 సీట్లు, తలుపులు కూడా ఉంటాయి, కాకపోతే న్యూజెర్సీ వాళ్లకి జేఎఫ్‌కే దూరం. రెండోది ఇదే లా కంపాన్యీని మిలాన్‌లో ఎక్కడం. ఎమిరేట్స్, ఖతార్ దిగేదీ, ఇది ఎక్కేదీ అక్కడి మల్పెన్సా విమానాశ్రయంలోనే. షెంజెన్ వీసా తప్పదు, పెట్టెలు తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయడమూ తప్పదు. ఊరు దాటే పని మాత్రం ఉండదు. మా ఆవిడ వచ్చే ఏడాదికి అదే చూడమంటోంది.