ఎస్పీ రోడ్డు డ్యూయల్ బూట్ సర్వీసు: ఫార్మాట్ చేయకుండానే బాగుచేశారు

డ్యూయల్ బూట్, అంటే ఒకే కంప్యూటర్‌లో విండోస్, ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) రెండూ ఉన్నవాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డులోని ఈ చిన్న రిపేరు కొట్టుకు నిశ్చింతగా వెళ్లొచ్చు. ఉబుంటులో డీ డ్రైవు ‘రీడ్ ఓన్లీ’ (చదవడమే తప్ప రాయనివ్వదు) అని చెబితే ఫార్మాట్ మాటే ఎత్తరు, ముందు కెర్నల్ లాగ్ (సిస్టమ్ లోపాలు నమోదయ్యే చిట్టా) చూస్తారు. అసలు దోషం విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌ది: షట్‌డౌన్ చేసినా సగం నిద్రలోనే ఉండి ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) డ్రైవును వదలదు. అందుకే సీహెచ్‌మాడ్ (ఫైలు అనుమతులు మార్చే కమాండ్) ఎన్నిసార్లు కొట్టినా లాభముండదు. విండోస్‌లో అడ్మిన్‌గా ‘పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్’ (powercfg /h off) కొట్టి ఫాస్ట్ స్టార్టప్ ఆపుతారు, ఆపై ‘చెక్‌డిస్క్ డీ: /ఎఫ్’ (chkdsk d: /f)తో డ్రైవు లోపాలు సరిచేస్తారు, తర్వాత పూర్తి షట్‌డౌన్. మన కళ్లముందే ఖాళీ ఫైలు సేవ్ చేసి చూపిస్తారు. లినక్స్ టూల్ ఎన్‌టీఎఫ్ఎస్‌ఫిక్స్ జోలికి వెళ్లకపోవడం నచ్చింది, అది పైపై మరమ్మతే. ఒక్క లోటు: ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (ఉబుంటులో డ్రైవులు ఎలా తెరుచుకోవాలో చెప్పే ఫైలు) ‘యూఐడీ=1000’ (మామూలుగా మొదటి యూజర్ నంబరు) రాయరు. ఫైళ్లు రూట్ (లినక్స్ అడ్మిన్) పేరు మీదే ఉండిపోతాయి, అడిగి రాయించుకోండి.