గర్భిణికి తలనొప్పి: శొంఠి పట్టా, కాఫీయా, మాత్రా?

మా చెల్లెలికి అప్పుడు నాలుగో నెల. మే నెల ఎండకు తిరుపతిలో గోడలే సెగలు కక్కుతున్నాయి. శనివారం ఒక్కపొద్దు తప్పనని పొద్దున్నుంచి ఏమీ ముట్టలేదు. మధ్యాహ్నం మూడింటికి కణతలు రెండూ పట్టుకుని కూలబడింది. అమ్మ శొంఠి కొమ్ము తీసి సాన మీద అరగదీయడం మొదలుపెట్టింది. చెల్లెలి అత్తగారు చిక్కటి కాఫీ ఇస్తానన్నారు. నేను మాత్ర తెస్తానని చెప్పులు వేసుకున్నాను.

ముగ్గురమూ తొందరపడ్డామని తర్వాత తెలిసింది. ఉప్పు వేసిన మజ్జిగ రెండు గ్లాసులు, పెరుగన్నం నాలుగు ముద్దలు, కిటికీ మూసిన గదిలో గంటన్నర నిద్ర. లేచేసరికి నొప్పి లేదు. తొలి నెలల్లో హార్మోన్లు మారుతుంటాయి, ఒంట్లో రక్తం పరిమాణం పెరుగుతుంటుంది. దానికి ఆకలి, దాహం, నిద్రలేమి తోడైతే తల పగిలిపోతుంది. అందుకే ఏ మందు మేలని అడిగే ముందు, ఎప్పుడు తిన్నావు, ఎన్ని నీళ్లు తాగావు, రాత్రి నిద్రపట్టిందా అని అడగాలి. కడుపుతో ఉన్నవాళ్లు ఒక్కపొద్దులు మానుకుంటే స్వామికి కోపం వస్తుందని నేను అనుకోను.

ఇక శొంఠి పట్టు. సాన మీద నాలుగు చుక్కల నీళ్లతో గంధంలా దిగిన ముద్దను అమ్మ బొటనవేలితో నుదుటికి అడ్డంగా పూస్తుంది. మొదట చల్లగా, తర్వాత చురుక్కుమంటుంది. ఆరి బిగుసుకునేటప్పుడు నుదురంతా లాగుతుంది. ఆ బిగువులో కాస్త హాయి ఉన్నమాట నిజమే. బిడ్డకు హాని లేదు గానీ, చర్మం మంట పుట్టినా, కళ్లు మండినా వెంటనే కడిగేయాలి. తడిగుడ్డ కూడా ఇంచుమించు అంతే పని చేస్తుంది, మంట ఉండదు. అంగడిలో దొరికే బామ్‌ల కన్నా నాకు తడిగుడ్డే ఇష్టం. వాటిలో చాలావాటిలో ఉండే మిథైల్ శాలిసిలేట్ ఆస్పిరిన్ జాతిది. రోజూ పట్టించి రుద్దుకోవడం మంచిది కాదు.

కాఫీతో నొప్పి తగ్గడం భ్రమ కాదు. రోజూ తాగేవాళ్లు కడుపు రాగానే ఒక్కసారిగా మానేస్తే, ఆ మానడమే తలనొప్పి తెస్తుంది. మెల్లగా తగ్గించుకోవడమే మంచిది. గర్భిణికి రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదంటారు. ఫిల్టర్ డికాషన్ చిక్కదనం ఇంటికో తీరు కాబట్టి చిన్న కప్పులు రెండింటితో ఆగమంటాను. టీ కూడా ఆ లెక్కలోదే. సాయంత్రం కాఫీ రాత్రి నిద్రను చెడగొట్టి మర్నాటి తలనొప్పికి దారి తీస్తుంది. పైగా ఐరన్ మాత్రతో పాటు కాఫీ తాగితే ఆ ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

తిండి, నీళ్లు, నిద్ర అయ్యాక కూడా నొప్పి తగ్గకపోతే కాఫీ మీద కాఫీ తాగడం కన్నా పారాసిటమాల్ మేలు. గర్భిణులకు వైద్యులు మొదట చెప్పేది అదే. డాక్టరును అడిగి, తక్కువ మోతాదులో, అవసరమైనన్ని రోజులే వాడాలి. పంటిబిగువున భరిస్తే బిడ్డకు మంచిదనే మాట మాత్రం నేను ఒప్పుకోను. తల్లి తినక, నిద్రపోక కృంగితే బిడ్డకు ఒరిగేదేమీ లేదు.

కొనేటప్పుడే జాగ్రత్త కావాలి. ఒకసారి మందుల అంగడిలో తలనొప్పి మాత్రలని అడిగితే, అట్ట నుంచి కత్తిరించి రెండు ఇచ్చారు. వెనక మందు పేరు సగమే ఉంది, గడువు తేదీ అసలే లేదు. తిరిగి ఇచ్చేశాను. గర్భిణికని చెప్పి, పారాసిటమాల్ ఒక్కటే ఉన్న మాత్ర అడగాలి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ కలిసినవి వద్దు. ముఖ్యంగా 20 వారాలు దాటాక అవి బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీసి ఉమ్మనీరు తగ్గించగలవు. రక్తపోటు సమస్య రాకుండా డాక్టరు రాసిన తక్కువ మోతాదు ఆస్పిరిన్ సంగతి వేరు, దాన్ని సొంతంగా మానకూడదు. మైగ్రేన్‌కు ముందు నుంచి మందులు వాడుతున్నవాళ్లు మొదటి పరీక్షలోనే ఆ సంగతి చెప్పాలి.

ఇప్పటిదాకా చెప్పిన ఈ పోలిక అయిదో నెల దాటాక పనికిరాదు. మా తోడికోడలికి ఏడో నెలలో మూడు రోజులు తలనొప్పి. పట్టు వేసింది, మాత్ర వేసింది. మూడో రోజు పొద్దున ముఖం ఉబ్బింది. వేలి ఉంగరం సబ్బు రాసినా కదలలేదు. కళ్ల ముందు మెరుపులంది. బీపీ చూస్తే 160/110. అప్పుడే ఆసుపత్రిలో చేర్చాం. మాత్ర నొప్పిని అణచగలదే గానీ బీపీని దించలేదు. అది ముదిరితే మనవాళ్లు గుర్రపువాతం అనే ఫిట్స్ వస్తాయి.

అందుకే 20 వారాల తర్వాత కొత్తగా తలనొప్పి వస్తే ముందు బీపీ చూపించాలి. 140/90 లేదా అంతకు మించితే డాక్టరుకు చెప్పాలి. చూపు మసకబారినా, కుడి పక్కటెముకల కింద నొప్పి వచ్చినా, ముఖం, చేతులు వాచినా తెల్లారే దాకా ఆగకుండా 108కి ఫోను చేయాలి. తిరుపతిలో ఎస్వీ వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు కూడా ఉంటాయి.

కాన్పయ్యాక కూడా ఆరు వారాల దాకా ఈ బీపీ రావచ్చు. బాలింతకు తల నొస్తే చలిగాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి ఊరుకోకండి, ఆ పూటే బీపీ చూపించండి.