క్రిస్మస్ కళతో పెళ్లి విందు: నల్గొండలోనా, సాగర్‌లోనా, పాలమూరులోనా?

డిసెంబర్ 16 అటూఇటూగా ధనుర్మాసం మొదలైతే సంక్రాంతి దాటేదాకా హిందువుల ఇళ్లలో ముహూర్తాలు ఉండవు. మాఘంలో కాళ్లావేళ్లా పడ్డా దొరకని ఫంక్షన్ హాళ్లు ఆ రోజుల్లో ఖాళీగా కనిపిస్తాయి. క్రిస్మస్ అలంకరణతో రిసెప్షన్ పెట్టుకునేవాళ్లకు ఇది పెద్ద వెసులుబాటు. అయితే బేరం అద్దె కంటే సమయం మీద ఆడటం మేలు. ముందురోజు సాయంత్రమే తాళాలు ఇమ్మనాలి, ఎందుకంటే చెట్టు, నక్షత్రాలు, స్టేజీ వెనక తెర కట్టడానికి ఒక రాత్రి పూర్తిగా పడుతుంది. కరెంటు బిల్లు, జనరేటర్ డీజిల్, ఊడ్పు ఖర్చు అద్దెలో ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకుని, తాళం తీసుకునేటప్పుడే మీటరు రీడింగ్ ఫోటో తీయాలి.

తేదీ విషయంలో 27 నుంచి 30 దాకా మంచి రోజులు. 24 రాత్రి, 25 పగలు పాస్టర్‌గారికీ క్వయర్‌కీ (చర్చి పాటల బృందానికి) ఊపిరాడదు. 31న రాత్రి ఆరాధన ఉంటుంది, సౌండు వాళ్లూ దొరకరు. పెళ్లి కూడా అప్పుడే అయితే చర్చిలో మూడు ఆదివారాలు చదివే పెళ్లి ప్రకటనలు డిసెంబర్ మొదటి వారానికే మొదలవ్వాలి. కేథలిక్ కుటుంబాలు ఆగమన కాలంలో, అంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల్లో, పెళ్లి అనుకుంటే ముందు ఫాదర్‌ని అడగాలి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి మామూలుగా ఉదయం 6, సాయంత్రం 7 మధ్యే జరగాలి. కాబట్టి పెళ్లి మధ్యాహ్నం, విందు రాత్రి అనుకుంటే చర్చికీ హాలుకీ మధ్య దూరమే ఊరిని తేల్చేస్తుంది.

నల్గొండ విజయవాడ హైవే మీద లేదు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రోడ్డు వదిలి లోపలికి తిరగాలి. గుంటూరు, మిర్యాలగూడ వైపు చుట్టాలకు మాత్రం రైలు ఉంది. వంటవాళ్లు, డేరా సామాను ఊళ్లోనే దొరుకుతాయి. లోటల్లా గదులదే. హాలు పైన నాలుగు గదులు ఉన్నాయంటే సరిపోదు, తెల్లవారి వేన్నీళ్లు వస్తాయో లేదో కుళాయి తిప్పి చూడాలి. డిసెంబర్‌లో ముసలివాళ్లతో వచ్చినవాళ్లు మొదట అడిగేది వేన్నీళ్లూ దుప్పట్లే.

నాగార్జునసాగర్‌లో టూరిజం వాళ్ల విజయ్ విహార్ నుంచి జలాశయం కనిపిస్తుంది, ఫోటోలు అదిరిపోతాయి. కానీ ఏడాది చివర సెలవులకు పర్యాటకులు గదులు ముందే పట్టేస్తారు. ఏదైనా తక్కువ పడితే హాలియాకో మిర్యాలగూడకో బండి పంపాలి. నూట యాభై మంది దాకా అయితే సరే, అయిదు వందలంటే వద్దు.

అన్నీ కలిపి చూస్తే పాలమూరే (మహబూబ్‌నగర్) మేలు. మెన్నోనైట్ బ్రెదరెన్ మిషన్ కాలం నుంచీ ఇక్కడ చర్చిలు ఊరి మధ్యే ఉన్నాయి, స్టేషన్ ఊళ్లోనే, బెంగళూరు హైవే జడ్చర్ల దగ్గరే. షాద్‌నగర్ వైపు రిసార్టులు విమానంలో దిగేవాళ్లకు దగ్గరే కానీ, పాలమూరు చుట్టాలు రాత్రి పదింటికి తిరిగి రావాలంటే నసుగుతారు.

ఎక్కడ పెట్టినా ఆరుబయట లాన్ మాత్రం వద్దు. సూర్యుడు ఆరు కాకముందే దిగుతాడు, ఎనిమిది దాటితే మంచు కురుస్తుంది. కాగితపు నక్షత్రాలు మెత్తబడి వేలాడతాయి, మామూలు సీరియల్ సెట్ల అతుకుల్లోకి తడి చేరి ఫ్యూజులు పోతాయి. బయట కట్టేవి వానకు తడిసినా పనిచేసే రకమే ఉండాలి; నక్షత్రంలో పాత ఫిలమెంటు బల్బు వేస్తే కాగితం కమురుతుంది, 9 వాట్ల ఎల్ఈడీ చాలు. మిణుకుమిణుకుమనే రంగుల లైట్ల కన్నా నిలకడగా వెలిగే పసుపు కాంతి వీడియోలో బాగుంటుంది. చారలు పడితే కెమెరా షట్టర్ 1/50 మీద పెట్టమనాలి, మన కరెంటు 50 హెర్ట్జ్ కదా.

పెద్ద హాల్లో ఏడడుగుల చెట్టు బొమ్మలా కనిపిస్తుంది. పది, పన్నెండు అడుగులది గుమ్మం దగ్గర పెట్టి, అడుగున ఇసుక సంచులు వేయాలి, పిల్లలు లాగుతారు. చెట్టు మీద దూది మంచు అసలు వద్దు. స్టేజీ మీద కోల్డ్ పైరో (నిప్పురవ్వలు చిమ్మే బాణసంచా లాంటిది) వెలిగిస్తారు, ఒక్క నిప్పురవ్వ చాలు. నురగ మంచు చల్లే మెషీన్ కూడా దండగే: నేల జారుతుంది, పట్టుచీరల మీద మరకలు. వధువు ఎర్రచీర కడితే వెనక తెర ఆకుపచ్చో తెలుపో ఉండాలి. యేసు పుట్టుకను చూపే పశువుల పాక బొమ్మను సెల్ఫీ మూలలా చేయకుండా ఒక పక్కన శుభ్రంగా పెట్టాలి. ప్రార్థన, కేకు అయ్యాకే క్రిస్మస్ తాత రావాలి. లేకపోతే పెద్దలు నొచ్చుకుంటారు.

కేకు హైదరాబాద్ నుంచి తెప్పిస్తే అంతస్తులు విడివిడిగా తెచ్చి హాల్లోనే పేర్చాలి. పేర్చి తెస్తే స్పీడ్ బ్రేకర్ల మీద ఒరుగుతుంది. పంచడానికి ప్లమ్ కేకు మనిషికి 50 గ్రాములు, అంటే అయిదు వందల మందికి 25 కిలోలు. ఎండుపళ్లు రమ్ములో నానబెట్టడం చాలా ఇళ్లలో పనికిరాదు, ద్రాక్ష రసంలో నానబెట్టమని బేకరీకి డిసెంబర్ మొదట్లోనే చెప్పాలి.

భోజనంలో బగారా అన్నానికి కిలో బియ్యం ఎనిమిది, తొమ్మిది మందికి. మటన్ కిలో అయిదారుగురికి. చలికి మటన్ కొవ్వు గడ్డకడుతుంది కాబట్టి మొత్తం ఒక్కసారే తెచ్చి పెట్టకుండా సగం పొయ్యి మీదే ఉంచాలి. ఇంకొకటి చాలామంది మరిచిపోతారు: అది అయ్యప్ప మాలల కాలం. మాలలో ఉన్న స్నేహితులు ఆ వంటశాల నుంచి వచ్చినది ముట్టరు. వాళ్లకోసం పళ్లు, కొబ్బరిబోండాలు గేటు దగ్గరే వేరే బల్ల మీద పెడితే వచ్చి దీవించి వెళ్తారు.

మైకు రాత్రి పదికి ఆపాలి, అందుకే పాటలు ఏడింటికే మొదలుపెట్టాలి. మర్నాడు దంపతులకు గాలి మార్పు కావాలంటే కొల్లాపూర్ దాటాక సోమశిలలో కృష్ణ ఒడ్డున టూరిజం కాటేజీలు ఉన్నాయి. ఆ గది మాత్రం హాలు కన్నా ముందే బుక్ చేయండి.